మొండక్క లాగిన గంట తాడు

ఆమెను మొండక్క అని పిలవని మనిషి ఆ ప్రాంతపు బస్సుల్లో లేడు. డ్రైవర్లు అలాగే పిలిచారు, మెకానిక్కులు అలాగే పిలిచారు. తనిఖీకి వచ్చే పెద్దాఫీసు వాళ్లు కూడా ముందు "మేడమ్" అని మొదలుపెట్టి, కాసేపు వాదించాక "అది కాదు మొండక్కా" అంటూ దారిలోకి వచ్చేవాళ్లు. ఆ పేరు పెట్టింది కట్టుకున్నవాడే. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింటి గోడకు మేకు దిగకపోతే, సాయంత్రం దాకా సుత్తి కింద పెట్టలేదట. గోడ పెచ్చులూడి పక్కింటివాళ్ల వంటిల్లు కనబడింది. అప్పుడు కూడా ఆమె అడిగిన మాట ఒకటే: "మేకు దిగిందా లేదా?"

చదువు పల్లెబడిలో ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ చదువుతో ఏం సాధించిందో వినండి. ఆ ప్రాంతం మొత్తంలో టికెట్ల సంచీ భుజాన వేసుకున్న మొదటి ఆడమనిషి ఆమే. తాగి ఎక్కి ఆడపిల్లల మీద పడుతున్నవాణ్ని కాలరు పట్టుకుని నడిరోడ్డు మీద దించింది. వంతెన మీద బస్సు ఆగిపోయిన రోజున వెనక సీటునే మంచం చేసి ఒక పిల్లకు పురుడు పోసింది. డిపోలో ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది లేదన్నారు. ఆమె మేనేజరు గదిలోకి వెళ్లి, మేనేజర్ని బయటికి పంపి, లోపల గడియ పెట్టుకుంది. ఆడవాళ్ల గది ఎంత తొందరగా లేచిందంటే, సున్నం ఆరకముందే తాళం చెవి ఆమె చేతికిచ్చారు.

ఇవన్నీ ఒక ఎత్తు. అంత పెద్ద రవాణా సంస్థ చేత, నలుగురి ముందు, "తప్పు మాది" అనిపించడం ఒక్కటీ ఒక ఎత్తు. అది చెప్పుకోవాలంటే సంస్థ పుట్టుక దగ్గర్నుంచీ రావాలి.

సంస్థ లేని రోజుల్లో బస్సులన్నీ ఇద్దరు యజమానుల చేతుల్లో ఉండేవి. ఏటి వైపు ఊళ్లు ఒకాయనవి, కొండ వైపు ఊళ్లు ఇంకొకాయనవి. మధ్యలో ఉన్న పట్నం ఇద్దరిదీను. ఏటి బండి ఆకుపచ్చ, కొండ బండి ఎరుపు. పట్నం బస్టాండులో మనిషి కనబడితే చాలు, ఒక చెయ్యి పచ్చబండి వాళ్లు, ఇంకో చెయ్యి ఎర్రబండి వాళ్లు పట్టుకుని లాగేవాళ్లు. మనిషి ఒక బండిలో, పెట్టె ఇంకో బండిలో వెళ్లిపోయిన సందర్భాలకు లెక్కలేదు. ఒక వానాకాలం రెండు బళ్లూ పోటీపడి వంతెన మీద ఒకదాన్నొకటి దాటబోయాయి. రెండూ ఇరుక్కున్నాయి. జనం కిటికీల్లోంచి దిగి, వానలో తడుస్తూ, ఇద్దరు యజమానుల్నీ వాళ్ల ఏడు తరాల్నీ తిట్టుకుంటూ నడిచి ఇళ్లకు చేరారు.

ఆ తిట్లే ఊరేగింపులయ్యాయి. "మా బస్సు మాకు కావాలి" అని ఏటి వైపు జనం, కొండ వైపు జనం కలిసి రోడ్డెక్కారు. మొండక్క అప్పటికి ఏటి కంపెనీలో కండక్టరు. పొద్దున యజమాని బండిలో టికెట్లు కోసి, సాయంత్రం అదే యజమాని ఇంటి ముందు గొంతు చించుకుని అరిచేది. "నా బండెక్కి తిరుగుతూ నా ఇంటి ముందే అరుస్తావా?" అని ఆయన గుడ్లురిమితే, "ఇల్లు రోడ్డు మీద కట్టుకుని మమ్మల్నంటే ఎలాగండీ?" అంది. చివరికి ప్రభుత్వం దిగొచ్చింది. రెండు కంపెనీలనూ కలిపి ప్రాంతీయ రవాణా సంస్థ పెట్టింది.

పెట్టిన కొత్తలో అధికారులు దేని గురించి మాట్లాడుకున్నారనుకున్నారు? రంగు గురించి. పచ్చ వేస్తే కొండవాళ్లు అలుగుతారు, ఎరుపు వేస్తే ఏటివాళ్లు అలుగుతారు. రెండూ కలిపి చూస్తే బురద రంగు వచ్చింది. నీలం అని తేల్చేసరికి పెయింటర్ల ప్రాణం పోయింది. తర్వాత టోపీ. తర్వాత టోపీ మీద చక్రం బొమ్మ. ఆ చక్రానికి ఆకులెన్ని ఉండాలన్న దాని మీద ఇద్దరు అధికారులు మాటలు మానేసుకున్నారు. తర్వాత సీట్లకు కొత్త బట్ట. ఆ బట్ట కుట్టింది మొండక్క మొగుడే. ఏటి కంపెనీ షెడ్డులో కుట్టు మిషను మీద సీటు కవర్లు కుట్టే ఆయన, మిషనుతో సహా సంస్థలోకి వచ్చేశాడు.

అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు గాని, గంట గురించి ఎవరూ మాట్లాడలేదు.

బస్సు కప్పు కింద ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక తాడు ఉండేది. డ్రైవరు తల దగ్గర చిన్న ఇత్తడి గంట. కండక్టరు ఎక్కడ నిలబడి తాడు లాగినా డ్రైవరుకు వినబడేది. ఏటి వైపు బళ్లలో ఒక మోత మోగితే ఆగు, రెండు మోగితే పో. కొండ వైపు బళ్లలో ఒక మోత మోగితే పో, రెండు మోగితే ఆగు. ఏటివాళ్లకు లోకంలో ప్రతి గంటా తమలాగే మోగుతుందని నమ్మకం. కొండవాళ్లకూ అంతే. ముక్కుతో ఊపిరి పీల్చాలని ఎవరూ ఎవరికీ చెప్పనట్టే, ఈ మాటా ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో ఏటి డ్రైవరుకు ఏటి కండక్టరు, కొండ డ్రైవరుకు కొండ కండక్టరు ఉండేవాళ్లు కాబట్టి బళ్లు బాగానే తిరిగాయి. డిపో మేనేజరు మంచి ఉద్దేశం ఉన్నవాడు. "బళ్లు కలిశాయి, ఇక మనుషులు కలవాలి" అన్నాడు. ఒక పొద్దున జంటలన్నీ మార్చేశాడు. మొండక్కకు వచ్చిన డ్రైవరు కొండ మనిషి, పెద్దవాడు. మలుపు కనబడకముందే బ్రేకు తొక్కుతాడని ఆయన్ను బ్రేకుల బాబాయ్ అనేవాళ్లు. జీవితంలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించని డ్రైవరు.

"అమ్మాయ్, నీ నోరు పెద్దదని విన్నాను" అన్నాడు ఎక్కుతూనే.

"మీ బ్రేకు పెద్దదని నేనూ విన్నాను బాబాయ్. సాయంత్రానికి ఇల్లు చేరతామా?"

నవ్వుకుంటూనే బయల్దేరారు. బస్టాండులో బండి కదలడానికి టైమ్‌కీపరు ఈల ఉంటుంది కాబట్టి గంటతో పని పడలేదు. మొదటి స్టాపు బజారు. అక్కడ బాబాయే చూసి ఆపాడు. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. రోజూ ఆ బండిలో వచ్చే గుడ్ల పెద్దమ్మ బుట్ట పట్టుకుని ఆఖరున దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో. ఇంజను గుర్రుమనడం విని, బండి ఎక్కడ కదులుతుందోనని మొండక్క తాడు అందుకుని ఒక్కసారి లాగింది. ఆగు అని.

బాబాయ్ చెవికి అది పో అని వినబడింది. పోనిచ్చాడు.

పెద్దమ్మ పడింది. మొండక్క ఉన్న బలమంతా పెట్టి మళ్లీ ఒక్కసారి లాగింది. ఈ పిల్ల ఇంకా తొందరగా పొమ్మంటోంది కాబోలు అనుకుని బాబాయ్, పాపం, గేరు మార్చాడు. జనం గోలెత్తితేగాని బండి ఆగలేదు. పెద్దమ్మ మణికట్టు విరిగింది. బజారంతా గుడ్ల సొన.

"లాగానుగా! ఆగమని లాగానుగా!" అని మొండక్క.

"లాగావుగా! పొమ్మని లాగావుగా!" అని బాబాయ్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

ఆ పొద్దున ఇంకో బండిలో కొండ దారి స్టాపులో ఏటి కండక్టరు పొమ్మని రెండు కొడుతుంటే, కొండ డ్రైవరు "ఆగాను కదరా నాయనా, ఇంకెంత ఆగను?" అని అరుస్తూ కూర్చున్నాడట. ఇంకో బండి స్టాపులన్నీ దాటేసి ఊరవతలికి పోయిందట. అవి నవ్వుకునే సంగతులు. పెద్దమ్మ చెయ్యి నవ్వుకునే సంగతి కాదు.

మర్నాడు డిపో మేనేజరు మొండక్కను పిలిచాడు. ఆయన బల్ల మీద పత్రికలు పరిచి ఉన్నాయి. సంస్థ మీద బొమ్మలు వేసి మరీ వెక్కిరించారు.

"చూడమ్మా, పాత యజమానులిద్దరూ కాచుకుని కూర్చున్నారు. ఈ సంస్థకు బస్సులు నడపడం రాదని తేలితే చాలు, రూట్లు మళ్లీ మాకివ్వండని పరిగెత్తుకొస్తారు. మీరు అరిచి తెచ్చుకున్న సంస్థే ఇది."

"అరిచింది నేనే సార్. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"సంకేతం తెలియక పొరపాటు చేశాను, క్షమించమని రాసివ్వండి. కొన్నాళ్లు బళ్లు కడిగే షెడ్డులో పనిచెయ్యండి. గొడవ చల్లారాక మళ్లీ సంచీ ఇస్తాను."

"నాకు సంకేతం తెలుసు సార్. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు."

"పోనీ డ్రైవరుకు తెలియలేదని రాయండి."

"ఆయనకీ తెలుసు. ఆయనకి తెలిసింది వేరు, అంతే. మా ఇద్దర్నీ ఒక బండిలో కూర్చోబెట్టినవాళ్లకి తెలియలేదు."

మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే సంస్థ తప్పంటారా?"

"నేనెందుకంటాను? మీరే అనాలి."

ఆయన మొహం ఎర్రబడింది. విచారణ తేలేదాకా డిపోలో అడుగు పెట్టొద్దన్నాడు. టోపీ, సంచీ అక్కడే పెట్టి వెళ్లమన్నాడు. రాసివ్వకపోతే ఉద్యోగమే ఉండదని, పెద్దాఫీసు మాట అదేనని కూడా చెప్పాడు. మొండక్క సంచీ బల్ల మీద పెట్టింది, సరిగ్గా వెక్కిరింత బొమ్మ మీద. టోపీ పెడుతూ చక్రం బొమ్మను కొంగుతో తుడిచింది.

బయట ఏటి వైపు వాళ్లంతా గుమిగూడి ఉన్నారు. "కొండోడి మీద రాసిపడెయ్ అక్కా! వాళ్లకి బండి నడపడం వచ్చా? రాస్తే మేమంతా సాక్ష్యం" అన్నారు. ఆ పక్కన కొండ వైపు వాళ్లు బాబాయ్ చుట్టూ చేరి అదే మంత్రం ఊదుతున్నారు. మొండక్క నడుం మీద చెయ్యి వేసుకుని అందరికీ వినబడేలా అంది: "నిన్నటిదాకా వంతెన మీద ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. ఇవాళ నా చేత తోయిద్దామని చూస్తున్నారా? పొండి, పనులు చూసుకోండి."

ఇంటికొచ్చేసరికి మొగుడు మిషను ముందు కూర్చుని ఉన్నాడు గాని కుట్టడం లేదు. కూతురు మూల కూర్చుని పాఠం చదువుతున్నట్టు నటిస్తోంది.

"ఏమే, ఒక్క మాట రాసిస్తే పోయేది కదా" అన్నాడు మెల్లగా. "నేనూ అదే సంస్థలో ఉన్నాను. నీతో పాటు నన్నూ పంపిస్తే ఇల్లెట్లా గడుస్తుంది?"

"మీరు కుట్టిన సీటు చిరిగితే మీరే కుట్టానని చెబుతారా, లేదా?"

"చెబుతాను."

"మీరు కుట్టని సీటు చిరిగితే?"

ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేసి, "మేకు దిగేదాకా వదలవన్నమాట" అని గొణిగాడు.

"గోడ గట్టిదైతే నేనేం చెయ్యను?" అంది. కూతురు పుస్తకం వెనకాల కిసుక్కున నవ్వింది. మొగుడికి నవ్వు రాలేదు గాని మిషను మళ్లీ మొదలైంది.

సాయంత్రం మొండక్క గుడ్ల పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. చెక్కల తలుపు, చిన్న వాకిలి, వాకిట్లో కోళ్లు. పెద్దమ్మ చేతికి కట్టుతో గడప మీద కూర్చుని ఉంది.

"వచ్చావా? తప్పు నీదా, ఆ ముసలి డ్రైవరుదా?"

"మా ఇద్దరిదీ కాదు పెద్దమ్మా."

"మరి నాదా? నేనే వచ్చి నేల మీద పడ్డానా?"

"నీకు దెబ్బ తగిలినందుకు నా ప్రాణం కొట్టుకుపోతోంది. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. తప్పు మాత్రం ఒప్పుకోను."

పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "కాళ్లెందుకు, చెయ్యి కదా విరిగింది. ఆ గుడ్లు తీసుకెళ్లి రేపు బజారులో అమ్మిపెట్టు."

అలా మొండక్క భుజం మీంచి సంచీ దిగి, చంకలోకి గుడ్ల బుట్ట ఎక్కింది. అసలు తమాషా అక్కడ మొదలైంది. పొద్దున్నే స్టాపులో నిలబడేది. నీలం బండి వచ్చి ఆగగానే మెట్టు మీద కాలు పెట్టకుండా గట్టిగా అడిగేది:

"కండక్టరు గారూ! ఆగడానికి ఎన్ని?"

"ఒకటి."

"డ్రైవరు గారూ! ఆగడానికి ఎన్ని?"

"రెండు."

అంతే. వెనక్కి తిరిగి స్టాపులో ఉన్న జనానికి చెప్పేది: "ఈ బండికి మొగుడో మాట, పెళ్లాం ఓ మాట. నా గుడ్లు నాకు కావాలి, నేనెక్కను. మీ ఎముకలు మీ ఇష్టం." ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. ఇద్దరూ ఒకే మాట చెప్పిన బండి వస్తే మాత్రం, టికెట్టు కొనుక్కుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని, ప్రయాణికురాలిగా దర్జాగా కూర్చునేది. టికెట్టు మడత సరిగ్గా లేదని కండక్టరుకు సలహా కూడా ఇచ్చేది.

ఆ ప్రశ్న జనానికి పట్టేసింది. బడిపిల్లలు అడగడం మొదలుపెట్టారు. పాలవాళ్లు అడిగారు. పెళ్లికి వెళ్లే గుంపు ఒకటి డ్రైవర్నీ కండక్టర్నీ కిందికి దించి, విడివిడిగా నిలబెట్టి, చెవిలో చెప్పించుకుని మరీ ఎక్కారట. ప్రశ్న ఏటి ఊళ్లు దాటి కొండ ఊళ్లకు పాకింది. సీట్లు ఖాళీగా పోయే బండిని చూసి డిపోలో తలలు పట్టుకున్నారు. "ఆమెను బస్సెక్కనివ్వకండి" అని పెద్దాఫీసు నుంచి మాటొచ్చింది. "ఆమె ఎక్కడం లేదండీ, అదే కదా బాధ" అని డిపో నుంచి జవాబు వెళ్లింది.

ఒకరోజు గుడ్లు అమ్మి తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ వాకిట్లో బ్రేకుల బాబాయ్ ఉన్నాడు. చేతిలో పళ్ల సంచీ. ఆయన్నీ పనిలోంచి ఆపారు. ఆయనా ఏమీ రాసివ్వలేదు.

"నీ మీద రాస్తే రేపే బండిస్తామన్నారు అమ్మాయ్."

"రాయాల్సింది."

"రాసి ఎవరికి చూపించను ఈ మొహం?" అని పెద్దమ్మ ముందు పళ్లు పెట్టాడు. అంతలోనే కొండ పౌరుషం పొడుచుకొచ్చింది. "అయినా ఒక మోతకి బండి ఆపడం ఏం పద్ధతి? మా దారిలో ఆపడం డ్రైవరు కళ్ల పని. అందరూ ఎక్కారు, పో అని చెప్పడం కండక్టరు పని. రోజంతా చెప్పే మాటకి ఒక మోత చాలు."

"మనిషి పడిపోతుంటే రెండుసార్లు లాగే వ్యవధి ఎక్కడుంటుంది బాబాయ్? ఆగు అనేది ఒక్క లాగుడులో తెమలాలి."

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "ఆ మాట నిజమే. నా తల ఒప్పుకుంటుంది. మావాళ్ల చేతులు ఒప్పుకోవద్దూ? రేపు మీ పద్ధతే పెట్టారనుకో. మా కండక్టరు కంగారులో పాత అలవాటుగా ఆగమని రెండు కొడతాడు. మీ లెక్కలో అది పో. మళ్లీ ఎవరో ఒకరు పడతారు."

"మీ పద్ధతి పెడితే మావాళ్లు ఆగమని ఒకటి కొడతారు. మళ్లీ నేనే, మళ్లీ పెద్దమ్మే."

ఇద్దరూ గొంతు పెంచారు. ఒకళ్లు బకెట్టు మీద గరిటెతో ఒకటి కొడితే ఇంకొకళ్లు రెండు కొట్టారు. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. పెద్దమ్మకు ఒళ్లు మండింది.

"మీ మోతలు తగలెయ్య! మీరు ఒకటి కొట్టుకుంటారో రెండు కొట్టుకుంటారో నాకెందుకు? ఎవడు తప్పు కొట్టినా బండి కదలకుండా ఉంటే, నా చెయ్యి నాకుండేది కదా!"

గరిటె మొండక్క చేతిలోనే ఉండిపోయింది.

"బాబాయ్... ఒకటి కొడితే ఆగు."

"ఊఁ. రెండు కొడితే?"

"అదీ ఆగే. మీవాళ్లు ఆగమని కొట్టినా, మావాళ్లు పొమ్మని కొట్టినా, బండి నిలబడే ఉంటుంది."

"మరి పొమ్మనడానికి?"

"మూడు. అది మీకూ అలవాటు లేదు, మాకూ లేదు. మూడు కొట్టాలంటే ఎవడైనా ఆలోచించుకునే కొట్టాలి."

బాబాయ్ ఆ మాటను నోట్లో వేసుకుని నమిలినట్టు తల ఊపాడు. ఆ తర్వాత తనే లేచి బకెట్టు మీద మూడు మోతలు మోగించి చూశాడు. "బాగానే ఉంది. కొండ మీద కూడా వినబడుతుంది" అన్నాడు.

ఆ మాట డిపోకు చేర్చింది బాబాయే. మేనేజరు మంచి ఉద్దేశం ఉన్నవాడని చెప్పానుగా. విన్నాడు, పెద్దాఫీసుతో పోట్లాడాడు, ఒప్పించాడు. బాబాయ్‌ని ఏ కాగితమూ అడక్కుండా మళ్లీ పనిలోకి రమ్మన్నాడు కూడా. ఆ మేరకు ఆయన్ను మెచ్చుకోవాలి. ఒక పొద్దున డ్రైవర్లనూ కండక్టర్లనూ షెడ్డులవాళ్లనూ ఆవరణలోకి పిలిచి, మొండక్కకూ కబురంపి రప్పించి, కొత్త పద్ధతి చదివి వినిపించాడు. ఏటివాళ్లు కొండవాళ్ల మొహాలు చూశారు, కొండవాళ్లు ఏటివాళ్ల మొహాలు చూశారు. ఓడినవాళ్లెవరూ లేరు కాబట్టి గొణుక్కోవడానికి కూడా ఎవరికీ ఏమీ దొరకలేదు. గేటు బయట జనం పొద్దుటి బళ్ల కోసం నిలబడి తొంగిచూస్తున్నారు.

అప్పుడు మేనేజరు మొండక్కను ముందుకు రమ్మన్నాడు. టోపీ, సంచీ ఆయన చేతిలో ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు.

"ఈమె చేసిన సేవను దృష్టిలో పెట్టుకుని, జరిగినదాన్ని సంస్థ పెద్ద మనసుతో క్షమించింది. ఇవాళ్టి నుంచీ పనిలోకి తీసుకుంటున్నాం."

అందరూ చప్పట్లు కొట్టారు. మొండక్క చెయ్యి చాపలేదు.

"ఎవర్ని క్షమించారు సార్?"

"మిమ్మల్నేనమ్మా. తీసుకోండి."

"ఏం చేసినందుకు?"

చప్పట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. సీటు కవర్ల షెడ్డు దగ్గర నిలబడిన మొగుడు కళ్లు మూసుకున్నాడు.

"మాటలదేముందమ్మా" అని మేనేజరు గొంతు తగ్గించాడు. "ఉద్యోగం వచ్చింది. మీరు చెప్పిన పద్ధతే వచ్చింది. ఇంకేం కావాలి?"

"ఆ తాడు లాగినందుకు నేను క్షమాభిక్ష తీసుకుంటే, రేపు ఇంకో పిల్ల పడిపోయే మనిషిని చూసి తాడు లాగాలా వద్దా అని ఆలోచిస్తుంది సార్. నాకు మీ క్షమాభిక్ష వద్దు. నేను తప్పు చెయ్యలేదని చెప్పండి. ఈ సంస్థ నాది కూడా. తప్పు చేసి కప్పిపుచ్చుకునే సంస్థ కోసం నేను గొంతు చించుకోలేదు."

"అది నా చేతుల్లో లేదు."

"అయితే ఆ సంచీ కూడా మీ చేతుల్లోనే ఉంచుకోండి. నాకు గుడ్ల బుట్ట ఉంది."

వెనక్కి తిరిగింది. ఉద్యోగం నిజంగానే పోతోందని అందరికీ తెలిసిపోయింది. ఆమెకూ తెలుసు. అయినా నడక మాత్రం తగ్గించలేదు.

అప్పుడు బ్రేకుల బాబాయ్ వరసలోంచి బయటికొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని మేనేజరు ముందు చేతులు కట్టుకున్నాడు.

"సార్, నన్నూ క్షమించండి."

"మీరేం చేశారయ్యా?"

"నేనూ ఏం చెయ్యలేదు సార్. ఏం చెయ్యనివాళ్లను ఇవాళ క్షమిస్తున్నారుగా, ఆ చేత్తో నన్ను కూడా."

ఎవరో నవ్వారు. ఏటి కండక్టరు ఒకడు వచ్చి బాబాయ్ వెనక నిలబడ్డాడు. "నేనూ ఏం చెయ్యలేదు సార్, క్షమించండి." వాడి వెనక కొండ డ్రైవరు. "నేను నిన్న సెలవు సార్, అసలేం చెయ్యలేదు, గట్టిగా క్షమించండి." పచ్చబండి వాళ్లూ ఎర్రబండి వాళ్లూ కలిసి ఒకే వరస కట్టడం ఆ ఆవరణ అంతకు ముందెన్నడూ చూడలేదు. వరస పెరిగి పెట్రోలు పంపు దాటింది. చిట్టచివర, మెడలో టేపుతో, సీటు కవర్లు కుట్టే మొగుడు వచ్చి నిలబడ్డాడు. "నేను ఇంట్లోనూ ఏం చెయ్యలేదు సార్" అన్నాడు. మొండక్క తిరిగి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషిని ఆమె అంత మురిపెంగా చూడటం అదే మొదలు.

గేటు బయట జనం గోల. బళ్లు కదలాలి. మేనేజరు ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. మంచి ఉద్దేశం ఉన్నవాడు, నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. తర్వాత నవ్వు పోయింది. నిటారుగా నిలబడ్డాడు.

"ఆమె తప్పు లేదు" అన్నాడు.

"వినబడలేదండీ!" అని గేటు బయటినుంచి, కట్టు చెయ్యి ఊచల్లోంచి చాపి, గుడ్ల పెద్దమ్మ.

"ఆమె తప్పు లేదు! డ్రైవరు తప్పూ లేదు! రెండు కంపెనీల్ని కలిపినప్పుడు గంట సంగతి మేం చూసుకోలేదు. తప్పు సంస్థది. నాది కూడా. పెద్దాఫీసు ఏమంటుందో అననివ్వండి."

మొండక్క వెనక్కి వచ్చింది. టోపీ తీసుకుని పెట్టుకుంది. సంచీ భుజాన వేసుకుని బరువు చూసుకుంది. "ఈ మాట ముందే అంటే మీకూ బరువు తగ్గేది కదా సార్" అంది. ఆయన అందరూ చూస్తుండగా బండి తలుపు ఆమె కోసం తనే తెరిచి పట్టుకున్నాడు.

ఆ పొద్దున బాబాయ్ బండి కిక్కిరిసిపోయింది. బజారు స్టాపులో పెద్దమ్మ దిగుతుంటే మొండక్క స్వయంగా చెయ్యి పట్టుకుని దించి, బుట్ట నేల మీద పెట్టించి, మళ్లీ ఎక్కింది. తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుంది. ఛాతీ పొంగించి తాడు అందుకుని, గెలిచిన చెయ్యి కదా, ఘనంగా రెండుసార్లు లాగింది.

బండి కదల్లేదు.

మళ్లీ రెండుసార్లు లాగింది. కదల్లేదు. బస్సు మొత్తం ఆమెనే చూస్తోంది. బాబాయ్ స్టీరింగు మీద మోచేతులు ఆనించి, తీరిగ్గా వెనక్కి తిరిగాడు.

"అమ్మాయ్, ఊళ్లోకి కొత్త పద్ధతేదో వచ్చిందట. విన్నావా?"

జనం పగలబడి నవ్వారు. రోడ్డు మీద పెద్దమ్మ కూడా ఆగి, కదలని బండిని చూసి, "ఊఁ, బానే పనిచేస్తోంది" అంది.

"నేనే పెట్టాను ఆ పద్ధతి, నాకు చెబుతారేంటి? ముందుకు తిరగండి" అని మొండక్క కసిరింది. మొహం కందిపోయింది గాని తల వంచలేదు. టోపీ సర్దుకుంది. తాడు పట్టుకుని, ఒక్కొక్కటీ అందరికీ వినబడేలా, మూడు మోతలు మోగించింది.